తుపాకి కొనే ముందు

మల్యాలలో ఒక జుమా రోజు నమాజు ముగిసిన తర్వాత ఒక యువకుడు నా దగ్గరకు వచ్చి సలాం చేశాడు. కొన్నేళ్ళు గల్ఫ్‌లో పనిచేసి, ఇక చాలనుకుని ఇంటికి తిరిగి వచ్చినవాడు. తన రెండెకరాలకు తోడు మరో మూడెకరాలు కౌలుకు తీసుకుని మక్క వేశాడు. కంకి పాలు పోసుకునే సమయానికి గుట్టల వైపు నుండి అడవిపందులు దిగాయి. రెండు రాత్రుల్లో ఎకరం చేను నేలపాలయింది.

"మౌలానా సాబ్, పందులు చేనును బతకనిస్తలేవు. అగ్గువకు దొరికి, గురి తప్పని రైఫిల్ కొనాలనుకుంటున్న. బోల్టు లాగే రైఫిల్ అయితే గురి బాగుంటదని అంటున్నరు. కొనుడు జాయిజేనా?" అని అడిగాడు.

మస్జిదు మెట్ల మీద నిలబడి రెండు మాటల్లో జవాబు చెప్పేయవచ్చు. ఆయుధం కొనటం స్వతహాగా నిషిద్ధం కాదు, వేట ధర్మసమ్మతమే, హాని చేసే జంతువును చంపటానికి అనుమతి ఉంది అంటే సరిపోతుంది. కాని ఆ సోదరుడు తనకు తెలియకుండానే తన ప్రశ్నలో మూడు పెద్ద ప్రశ్నలు దాచాడు. ప్రాణం తీసే హక్కు నాకుందా అనేది మొదటిది. 'గురి' అన్న మాటలో రెండవది, 'అగ్గువ' అన్న మాటలో మూడవది ఉన్నాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో చేను కాపాడుకోవటానికి నిద్ర మానుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కనుక ఆ మూడింటినీ ఇక్కడ వివరంగా పరిశీలిద్దాం.

పంది నేరం చేసిందా?

పంట నష్టం గురించిన ఒక వ్యాజ్యాన్ని దివ్యఖుర్ఆన్ స్వయంగా ప్రస్తావించింది. ఒక వర్గం వారి మేకలు రాత్రివేళ మరొకరి చేనులో పడి మేశాయి. తగవు హజ్రత్ దావూద్ (అలై), హజ్రత్ సులైమాన్ (అలై)ల ముందుకు వచ్చింది (అల్ అంబియా: 78, 79). హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) గారి వివరణ ప్రకారం, మేకలను చేను యజమానికి ఇచ్చివేయాలని దావూద్ (అలై) తీర్పు చెప్పారు. సులైమాన్ (అలై) మాత్రం మరో మార్గం చూపారు. చేను తిరిగి మునుపటి స్థితికి వచ్చేదాకా మేకల పాలు, ఉన్ని చేను యజమాని అనుభవించాలి. అందాకా మేకల యజమాని చేను బాగుచేయాలి. ఆ తర్వాత ఎవరిది వారికి చేరాలి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ ఇద్దరు ప్రవక్తలలో ఎవరూ మేకలను దోషులుగా చూడలేదు. వారు చర్చించింది యజమాని బాధ్యతను. జంతువుకు షరీఅత్ ఆదేశాలు వర్తించవు. అది ఆకలి వేస్తే తింటుంది, అంతే. అడవిపందికైతే యజమాని కూడా లేడు. కనుక చేనులో పడిన పందిని చంపటం శిక్ష కాదు, ప్రతీకారం అంతకన్నా కాదు. అది కేవలం హానిని తొలగించటం. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కాని ఆచరణలో చాలా పెద్దది. పగతో తుపాకి పట్టినవాడు పారిపోతున్న జంతువును కూడా వెంబడిస్తాడు. హానిని ఆపటానికి పట్టినవాడు హాని ఆగగానే చేయి దించుతాడు.

మనలో కొందరికి మరో పొరపాటు అభిప్రాయం ఉంది. పంది మాంసం హరామ్ కనుక పందిని చంపటం పుణ్యకార్యమని అనుకుంటారు. చివరి కాలంలో హజ్రత్ ఈసా (అలై) పందిని చంపుతారన్న హదీసును కూడా చూపుతారు. హజ్రత్ ఈసా (అలై) దిగి వచ్చి అసత్య ఆచారాలను రద్దు చేస్తారని చెప్పే సందర్భంలోని మాట అది. మన మక్కచేనుకూ దానికీ సంబంధం లేదు. అల్లాహ్ మనకు నిషేధించింది దాని మాంసాన్ని. ఆ ప్రాణి కూడా ఆయన సృష్టే. భూమిపై సంచరించే ప్రతి ప్రాణి ఆహారం బాధ్యత తనదేనని అల్లాహ్ తెలియజేశాడు (హూద్: 6). ప్రతి వస్తువూ తనను స్తుతిస్తోందని, ఆ స్తోత్రం మనకు అర్థం కాదని కూడా తెలియజేశాడు (బనీ ఇస్రాయీల్: 44). ఇందులో పందికి మినహాయింపు ఎక్కడా లేదు.

అయితే రైతు చేతులు ముడుచుకుని కూర్చోవాలా? అలా కూడా కాదు. ధర్మం, ప్రాణం, బుద్ధి, వంశం, సంపద, ఈ ఐదింటి పరిరక్షణ షరీఅత్ లక్ష్యమని మన ధర్మవేత్తలు వివరించారు. కౌలు కట్టి, ఎరువు పోసి, ఇంటిల్లిపాదీ చెమటోడ్చి పెంచిన చేను కూడా సంపదే. హాని చేసే ఐదు ప్రాణులను హరమ్ సరిహద్దుల్లో సైతం చంపవచ్చని దైవప్రవక్త (స) అనుమతించారు. తేలు, ఎలుక, కరిచే కుక్క అందులో ఉన్నాయి (బుఖారీ, ముస్లిం). హాని చేసేదాన్ని తొలగించటానికి దారి తెరిచే ఉందని దీన్నిబట్టి అర్థమవుతోంది.

కాని ఆ దారికి హద్దు ఉంది. పూర్వం ఒక ప్రవక్తను ఒక చీమ కుట్టింది. ఆయన చీమల పుట్ట మొత్తాన్ని కాల్పించారు. కుట్టింది ఒక్క చీమ అయితే తనను స్తుతించే ఒక సమూహాన్నే నాశనం చేస్తావా అని అల్లాహ్ ఆయన్ను మందలించాడు (బుఖారీ, ముస్లిం). ఒక ప్రవక్తకే ఈ మందలింపు ఎదురైందంటే మన సంగతి ఏమిటి? ఫిఖహ్ సూత్రాలు కూడా ఇదే చెబుతాయి. హానిని తొలగించాలి. కాని ఒక హానిని అలాంటి మరో హానితో తొలగించకూడదు. అవసరం అవసరమంత మేరకే అనుమతి ఇస్తుంది.

ఇక పోయిన పంట విషయంలో విశ్వాసికి ఒక ఊరట ఉంది. ఒక ముస్లిం నాటిన మొక్కలో నుండి, వేసిన పైరులో నుండి మనిషిగాని, పక్షిగాని, పశువుగాని తిన్నది అతని ఖాతాలో సదఖాగా నమోదవుతుందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు (బుఖారీ, ముస్లిం). నష్టపోయిన రైతుతో ఈ మాట చెప్పటం సులభం, వినటం కష్టం. నేనూ ఒప్పుకుంటాను. కాని ఆ రెండు రాత్రుల నష్టం అల్లాహ్ దగ్గర లెక్కలో ఉందని తెలిసిన మనిషి తుపాకి పట్టినా, ఆ చేతిలో కసి ఉండదు.

చేతికి అందే వేట ఒక పరీక్ష

అల్ మాయిదా సూరాలో వేట ప్రస్తావన పలుచోట్ల వస్తుంది. ఆ సూరా మొదటి ఆయతునే చూడండి. ఒప్పందాలను నెరవేర్చమన్న ఆదేశంతో అది మొదలవుతుంది. ఇహ్రామ్ స్థితిలో వేటను ధర్మసమ్మతంగా భావించవద్దన్న హెచ్చరిక కూడా అదే ఆయతులో ఉంది. మాటకు కట్టుబడటం, వేట దగ్గర చేతిని ఆపుకోవటం, ఈ రెండూ ఒకే ఆయతులో ఉండటం ఆలోచించదగిన విషయం.

తర్వాత 94వ ఆయతులో, మీ చేతులకూ మీ ఈటెలకూ అందేంత దగ్గరగా వచ్చే వేట ద్వారా అల్లాహ్ విశ్వాసులను పరీక్షిస్తాడని ఉంది. కంటికి కనిపించని తనకు ఎవరు భయపడతారో తేల్చటానికే ఈ పరీక్ష అని కూడా తెలియజేయబడింది. హుదైబియా ప్రయాణంలో ఇహ్రామ్‌లో ఉన్న సహాబాల గుడారాల దాకా జంతువులు వచ్చేవని వ్యాఖ్యాతలు రాశారు. చేయి చాపితే అందుతాయి. అయినా వారు చేయి చాపలేదు.

ఆనాటి ఈటె ఎంత దూరం పోతుంది? ఈనాటి రైఫిల్ ఎంత దూరం పోతుంది? చేయి ఎంత పొడవైతే పరీక్ష కూడా అంత పెద్దదవుతుంది. ఆయుధం మనిషి శక్తిని పెంచుతుంది, కాని దానితోపాటు దైవభీతిని పెంచదు. దాన్ని మనిషి విడిగా సంపాదించుకోవాలి.

ఇక్కడే వినోదపు వేట సంగతి కూడా చెప్పుకోవాలి. మన హైదరాబాద్ సంస్థానంలో వేటకు పెద్ద చరిత్ర ఉంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ (1866-1911) పులివేటకు పేరుపొందినవాడు. చచ్చిన పులుల పక్కన నిలబడి దిగిన ఆనాటి ఫోటోలు ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తాయి. రాజు చేసినంత మాత్రాన ఏ పనీ ధర్మం అయిపోదు. ప్రాణమున్న దేన్నీ గురిపెట్టి కొట్టే లక్ష్యంగా చేసుకోవద్దని ప్రవక్త (స) వారించారు (ముస్లిం). హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఒకచోట కొందరు ఖురైషీ యువకులు పక్షిని కట్టి బాణాలు వేస్తుండగా చూశారు. తప్పిన ప్రతి బాణం పక్షి యజమానికి చెందాలన్నది వారి పందెం. ఆయన్ను చూడగానే వారు చెల్లాచెదురయ్యారు. ఇలాంటి పని చేసేవారిని ప్రవక్త (స) శపించారని ఆయన తెలిపారు. ఊరికే సరదాకి చంపిన పిచ్చుక కూడా ప్రళయదినాన అల్లాహ్ ముందు ఫిర్యాదు చేస్తుందన్న హదీసు నసాయీలో ఉంది.

కనుక తుపాకి కొనాలనుకునే వ్యక్తి ముందుగా తన సంకల్పాన్ని (నియ్యత్) తనిఖీ చేసుకోవాలి. చేను కోసమా? లేక తుపాకి చేతిలో ఉండాలన్న మోజుకు చేను ఒక సాకా? భుజాన తుపాకితో ఫోటో దిగాలన్న కోరిక మనసులో ఏ మూలైనా ఉందా? ఈ జవాబు ఏ అధికారికీ తెలియదు. అతనికీ, అతని ప్రభువుకీ మాత్రమే తెలుసు.

గురి కూడా ఒక అమానతే

అల్లాహ్ ప్రతి విషయంలోనూ ఇహ్సాన్‌ను, అంటే పనిని ఉత్తమ రీతిలో చేయటాన్ని విధించాడని, చంపవలసి వచ్చినా ఉత్తమ రీతిలో చంపమని, జిబహ్ చేసేటప్పుడు కత్తికి పదును పెట్టి జంతువుకు బాధ తగ్గించమని ప్రవక్త (స) బోధించారు (ముస్లిం). హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసును మనం బక్రీద్ రోజుల్లో గుర్తుచేసుకుంటాం. నిజానికి ఇది చంపే ప్రతి సందర్భానికీ వర్తిస్తుంది. కసాయి చేతిలో కత్తి పదును ఎలాంటిదో, వేటగాడి చేతిలో గురి అలాంటిది. మొద్దు కత్తితో జిబహ్ చేయటం ఎలా తప్పో, గురి కుదరని తుపాకితో కాల్చటం అలా తప్పు.

మరో హదీసు చూడండి. వేళ్ళతో రాళ్ళు విసరటాన్ని ప్రవక్త (స) వారించారు. దానివల్ల వేట చావదు, శత్రువు ఓడడు, కాని అది పన్ను విరుస్తుంది, కన్ను పోగొడుతుంది అని కారణం తెలియజేశారు (బుఖారీ, ముస్లిం). ఆయుధాన్ని ఎంచుకోవటానికి ఇంతకంటే మంచి కొలబద్ద మరొకటి లేదు. ఉద్దేశించిన పని చేయలేక, ఉద్దేశించని హాని మాత్రం చేసే సాధనం పనికిరాదు.

మన పల్లెల్లో వాడే సాధనాలను ఈ కొలబద్దతో కొలిచి చూద్దాం. నాటు తుపాకిలో దట్టించిన ఇనుప ముక్కలు ఎటు పోతాయో కాల్చినవాడికే తెలియదు. పంది కడుపులో గాయంతో తుంగలోకి దూరి రెండు మూడు రోజులు కొట్టుకుని చస్తుంది. ఎరలో పెట్టే నాటుబాంబు ఏ నోటికి తగులుతుందో తెలియదు. 2020లో కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో పేలుడు పదార్థం పెట్టిన పండు కొరికి, కడుపుతో ఉన్న ఏనుగు నోరు చిట్లి, నదిలో నిలబడి ప్రాణం విడిచిన సంఘటన దేశమంతటినీ కదిలించింది. ఇక చేను చుట్టూ చుట్టే కరెంటు తీగ సంగతి చెప్పనక్కరలేదు. రాత్రి మోటారు పెట్టటానికి వెళ్ళిన రైతులే ఆ తీగలకు బలైన వార్తలు మన రాష్ట్రంలో మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉన్నాయి. దారిలో గొయ్యి తవ్వి, అందులో పడి ఒకరు చనిపోతే తవ్వినవాడిపై రక్తపరిహారం (దియత్) బాధ్యత ఉంటుందని మన ఫుఖహాలు రాశారు. తీగ గుచ్చినవాడి స్థితి కూడా ఇలాంటిదే. చట్టం ముందు కేసు ఉంటుంది, అల్లాహ్ ముందు ప్రాణం లెక్క ఉంటుంది.

ఈ దృష్టితో చూస్తే ఆ యువకుడు గురి తప్పని తుపాకి అడగటం మంచి లక్షణమే. బోల్టు లాగి ఒక్కొక్క తూటా ఎక్కించే రైఫిల్‌లో తూటా గదిని బోల్టు గట్టిగా బిగించి ఉంచుతుంది. కాల్చేటప్పుడు లోపల కదిలే భాగాలు తక్కువ. అందువల్ల గురి నిలకడగా ఉంటుంది. ఒక గుండుకూ మరో గుండుకూ మధ్య బోల్టు లాగే సమయం పడుతుంది కనుక మనిషి కూడా తొందరపడకుండా మొదటి గుండునే జాగ్రత్తగా కాలుస్తాడు. మన దేశంలో సామాన్యులకు లైసెన్సుపై దొరికేది పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పేరుతో ప్రసిద్ధమైన .315 స్పోర్టింగ్ రైఫిల్. సైన్యం వాడిన .303 తూటాను పౌరులకు అనుమతించరు కనుక ఈ .315 వాడుకలోకి వచ్చింది. అదే ఫ్యాక్టరీ .30-06 రైఫిల్ కూడా తయారుచేసింది. 2021 అక్టోబరులో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలుగా విభజించినప్పుడు ఈ ఫ్యాక్టరీ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా సంస్థ కిందికి వచ్చింది.

కాని గురి తుపాకిలో సగమే ఉంటుంది. మిగతా సగం మనిషిలో ఉంటుంది. ఎంత మంచి రైఫిల్ అయినా దాని గురిని ఒక నిర్ణీత దూరానికి సరిచేసుకోవాలి. ఒకే రకం తూటాలు వాడాలి. అభ్యాసం చేయాలి. పందికి ముందరి కాలు వెనుక, గుండె ఊపిరితిత్తులు ఉండే చోటు ఒక పళ్ళెమంత ఉంటుంది. చీకట్లో, టార్చి వెలుతురులో, గుండె దడదడలాడుతుండగా, కదిలే జంతువు మీద ఆ పళ్ళెమంత చోటును కొట్టగలనన్న నమ్మకం తనకు ఎంత దూరం వరకు ఉందో ప్రతి ఒక్కడూ నిజాయితీగా తేల్చుకోవాలి. ఆ దూరం దాటితే ట్రిగ్గర్ నొక్కకపోవటమే ఇహ్సాన్. గాయపడిన జంతువును వదిలి ఇంటికి పోయి పడుకోవటం విశ్వాసి లక్షణం కాదు. దాన్ని జాగ్రత్తగా వెతికి బాధ నుండి విముక్తి చేయటం కాల్చినవాడి బాధ్యత.

తప్పిన తూటా ఎక్కడికి పోతుంది?

రైఫిల్ గుండు తప్పితే అక్కడే ఆగిపోదు. కిలోమీటర్ల దూరం పోగలదు. మనది నిర్జన అడవి కాదు. శ్రీరాంసాగర్ కాలువ నీళ్ళు పారే పల్లెలు, చేను పక్కన చేను, రాత్రంతా ఎవరో ఒకరు నీళ్ళు కట్టటానికి తిరుగుతూనే ఉంటారు. మంచె మీద ఒకరు, బావి దగ్గర ఒకరు ఉంటారు. మక్కచేను నిలువెత్తు పెరిగాక అవతల ఎవరున్నారో కనిపించదు.

మన హనఫీ ఫిఖహ్ గ్రంథాల్లో పొరపాటు హత్యను (ఖత్లె ఖతా) వివరించేటప్పుడు ఇచ్చే ఉదాహరణ ఏమిటో తెలుసా? సరిగ్గా ఇదే. ఒకడు వేట జంతువు అనుకుని మనిషిని కొట్టటం ఒక రకం. లక్ష్యానికి గురిపెడితే అది తప్పి మనిషికి తగలటం రెండవ రకం. శతాబ్దాల క్రితం బాణాల కాలంలోనే ధర్మవేత్తలు ఈ ప్రమాదాన్ని గుర్తించారు. రెండు సందర్భాల్లోనూ మృతుని వారసులకు దియత్ చెల్లించాలి. ప్రాయశ్చిత్తంగా (కఫ్ఫారా) విశ్వాసి అయిన బానిసను విడిపించాలి, అది సాధ్యం కాకపోతే రెండు నెలలు ఎడతెగకుండా ఉపవాసాలు పాటించాలి (అన్ నిసా: 92). తెలియక జరిగిందన్న మాట పాపభారాన్ని తగ్గిస్తుందే తప్ప బాధ్యతను తుడిచివేయదు.

ఆశ్చర్యకరమైన విషయమేమిటంటే మన దేశ చట్టం కూడా ఈ జాగ్రత్తనే తీసుకుంది. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణ కోసం మందు దట్టించి కాల్చే మజిల్ లోడింగ్ తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని ఉంది. అది చాలదని అధికారి భావిస్తే గొట్టం లోపల గాట్లు లేని ఇతర తుపాకికి ఇవ్వవచ్చు. గాట్లున్న రైఫిల్ కావాలంటే తగిన కారణం వేరుగా చూపాలి. గుళ్ళ తుపాకి తూటా త్వరగా బలం కోల్పోతుంది, రైఫిల్ గుండు దూరం పోతుంది అన్న సంగతి గుర్తుంచుకుంటే ఈ తేడాలోని వివేకం అర్థమవుతుంది. చేను కాపలాకు రైఫిల్ కావాలన్న ఆలోచనే చాలాసార్లు అవసరాన్ని మించినది.

ఆయుధం ఇంట్లో ఉంచే పద్ధతి కూడా ధర్మబోధలో భాగమే. మస్జిదులోగాని, బజారులోగాని బాణాలతో నడిచేవారు వాటి మొనలను పట్టుకుని నడవాలని ప్రవక్త (స) ఆదేశించారు. సోదరునివైపు ఆయుధం చూపవద్దని, షైతాన్ చేయి జార్చవచ్చని హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). పిల్లలున్న ఇంట్లో తూటా ఎక్కించిన తుపాకిని గోడకు ఆనించి పెట్టేవాడు ఈ హదీసులు ఒకసారి చదవాలి.

అగ్గువ అంటే ఎంత?

ఇక ధర సంగతి. మన ప్రాంతంలో అగ్గువకు దొరికే తుపాకి అంటే అందరికీ తెలిసిన అర్థం, లైసెన్సు లేని తుపాకి. దాని ధర తక్కువ అనుకోవటం భ్రమ. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, లైసెన్సు లేని తుపాకి కలిగి ఉన్నవారికి కనీస శిక్షను 2 సంవత్సరాలకు, గరిష్ఠ శిక్షను 5 సంవత్సరాలకు పెంచారు. ఒక ఎకరం మక్క కోసం రెండేళ్ళ జైలు, కోర్టు ఖర్చు, ఇంటి ఆడవారి కన్నీళ్ళు, జమాఅత్‌కు చెడ్డపేరు. ఇవన్నీ కలిపితే అది ఎంత ఖరీదైన తుపాకి అవుతుందో లెక్క వేసుకోండి.

వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) సంగతి కూడా తెలుసుకోవాలి. అడవిపంది ఆ చట్టం రక్షణలో ఉన్న జంతువు. తుపాకికి లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని చంపే అనుమతి వచ్చినట్లు కాదు. ప్రాణానికి, నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికి ప్రమాదంగా మారిన జంతువులను చంపటానికి 11వ సెక్షన్ కింద అధికారం ఉన్న అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. 2015, 2016 సంవత్సరాల్లో బీహార్, ఉత్తరాఖండ్‌లలో కొంత కాలానికి అడవిపందిని హానికర జంతువుగా కేంద్రం ప్రకటించింది. ఆ ప్రకటనలు ఆ రాష్ట్రాల వరకే. ఇది మన ప్రభుత్వం చేసిన చట్టం, మనకేమిటి అని అనకూడదు. మనం ఈ దేశ పౌరులుగా ఒక ఒప్పందంలో ఉన్నాం. ఒప్పందాలను నెరవేర్చమన్న ఆదేశంతోనే వేట ఆయతు మొదలైందని ముందే చెప్పుకున్నాం.

వడ్డీకి అప్పు తెచ్చి తుపాకి కొనటం మరో ప్రమాదం. పందుల నుండి చేను కాపాడబోయి వడ్డీ ద్వారా అల్లాహ్‌తో, ఆయన ప్రవక్తతో యుద్ధానికి దిగటమేనా (అల్ బఖరా: 279)? ధర తక్కువని చూసి గురి పాడైన పాత తుపాకి కొనటం కూడా అగ్గువ కాదు. ఆ తగ్గిన ధరను గాయపడిన జంతువు చెల్లిస్తుంది. మనం చెల్లించవలసినదాన్ని మూగజీవి చేత చెల్లింపజేయటం ఏ న్యాయం?

మాంసం విషయం

చంపిన పంది మాంసం మనకు నిషిద్ధం, అమ్మటం కూడా నిషిద్ధమే. అనుమతితో చంపినా చట్టప్రకారం ఆ కళేబరం ప్రభుత్వ ఆస్తి. కనుక అడిగినవారికి అమ్మి నాలుగు డబ్బులు చేసుకుందామన్న ఆలోచనే రాకూడదు.

అమెరికా వంటి దేశాల్లో ఉంటూ అక్కడి చట్టం అనుమతితో జింకలు వేటాడే మన బంధువులు కొందరు తూటాతో చచ్చిన జంతువు హలాలేనా అని అడుగుతుంటారు. హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి) మొన ఉన్న కర్రతో వేట గురించి అడిగినప్పుడు, మొనతో చీల్చితే తినమని, అడ్డంగా తగిలి దెబ్బకు చస్తే తినవద్దని ప్రవక్త (స) చెప్పారు (బుఖారీ). తూటా చీల్చేదా, దెబ్బతో చంపేదా అన్నదే చర్చ. అల్లామా ఇబ్నె ఆబిదీన్ (మరణం 1836) సీసపు గుండు పదునుతో కాక వేగపు తాకిడితో చంపుతుంది కనుక హలాల్ కాదన్నారు. మన ఉపఖండపు హనఫీ ముఫ్తీలలో ఎక్కువమంది అభిప్రాయం ఇదే. ఇమామ్ షౌకానీ వంటివారు గుండు శరీరాన్ని చీల్చుకుని పోతుంది కనుక హలాల్ అన్నారు. భేదాభిప్రాయం ఉన్నచోట జాగ్రత్త మార్గం ఏమిటంటే, బిస్మిల్లాహ్ చెప్పి కాల్చాలి, జంతువు ప్రాణంతో ఉండగానే చేరుకుని జిబహ్ చేయాలి. చూడండి, ఇక్కడ కూడా మనల్ని జంతువు దగ్గరకు త్వరగా నడవమనే ధర్మం చెబుతోంది. దూరం నుండి చంపి మరచిపోయే వెసులుబాటు ఇవ్వటం లేదు.

ఆ సోదరునికి చెప్పిన జవాబు

ఇదంతా విన్న తర్వాత ఆ యువకుడు కాసేపు మౌనంగా ఉండి, "మీరు చెప్పేది నిజమే గాని, రాత్రి చలిలో మంచె మీద కూసునేది నేను గద మౌలానా సాబ్" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర సులభమైన జవాబు లేదు. ఫత్వా రాసేవాడి చేను మేయబడలేదు. అందుకే అతనికి వద్దు అని ఒక్క మాట చెప్పి పంపలేదు. ఒక వరుస చెప్పాను.

మొదట చంపకుండా ఆపే మార్గాలు ప్రయత్నించు. మక్కచేను చుట్టూ ఆముదం వరుసలు వేస్తే పందులు లోపలికి రావటం తగ్గుతుందని రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ శాస్త్రవేత్తలు రైతులకు సూచించారు. వెంట్రుకలు చల్లటం, వాసన పూసిన తాళ్ళు కట్టటం, ప్రాణాపాయం లేని సోలార్ కంచె వంటివి కూడా ఉన్నాయి. పొలాసలోని పరిశోధనా కేంద్రం మనకు దగ్గరే, వెళ్ళి అడుగు. రెండవది, ఒక్కడివే మోయకు. చుట్టుపక్కల రైతులు, ముస్లింలైనా హిందువులైనా, అందరూ కలిసి కావలి వంతులు వేసుకోండి. పందికి గట్టు తెలియదు, నీ చేను ఒక్కటే కాపాడితే అది పక్కవాడి చేనులో పడుతుంది. పొరుగువాడి నష్టంతో నీ లాభం నిలబడదు. మూడవది, అందరూ కలిసి అటవీశాఖకు దరఖాస్తు పెట్టండి, పంట నష్టాన్ని రాయించండి. చంపటం తప్పదని అధికారులు నిర్ణయిస్తే ఆ పనిలో అనుభవం, అనుమతి ఉన్న షూటర్ చేత చేయించండి. గురి కుదిరిన ఒక చేయి, గురి కుదరని పది తుపాకుల కంటే కారుణ్యవంతమైనది.

ఇవన్నీ అయ్యాక కూడా అవసరం మిగిలితే లైసెన్సు కోసం దరఖాస్తు చేసుకోవటం నీ హక్కు. అప్పుడు కూడా చేను కాపలాకు ఏది చాలునో అదే కొను, అంతకు మించినది వద్దు. అలంకారానికి పెట్టే డబ్బు అభ్యాసానికి పెట్టు. లైసెన్సు నీ పేరున ఉన్న తుపాకిని బావమరిదికైనా, స్నేహితునికైనా ఇవ్వకు. కాల్చే ప్రతిసారీ ముందు తూటా తప్పితే ఎక్కడ ఆగుతుందో చూసుకో. అది తెలియకపోతే కాల్చకు.

అతను తుపాకి కొంటాడో లేదో నాకు తెలియదు. వచ్చే పంటకు చేను చుట్టూ ఆముదం వేస్తానని మాత్రం అన్నాడు. వెళ్ళే ముందు అతను మళ్ళీ తుపాకి ధర గురించి అడగలేదు. గాయపడి తప్పించుకున్న పందిని వెతకటానికి చీకట్లో పోవాలా, తెల్లారాక పోవాలా అని అడిగాడు. ఆ ప్రశ్న విని నా మనసు కుదుటపడింది. ప్రాణాపాయం ఉంది కనుక తెల్లవారగానే, అనుభవం ఉన్నవారిని వెంట తీసుకుని వెళ్ళమని చెప్పాను.

ప్రాణమున్న ప్రతి జీవి పట్ల చేసే మేలుకు ప్రతిఫలం ఉందని, దాహంతో అల్లాడే కుక్కకు నీళ్ళు తాగించిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడని ప్రవక్త (స) తెలియజేశారు (బుఖారీ, ముస్లిం). చంపటం తప్పని స్థితిలో కూడా ఆ కారుణ్యం మన చేతిని వదలకూడదు. అల్లాహ్ మన పంటలను, మన కష్టార్జితాన్ని కాపాడుగాక! మన చేతులకు అందిన శక్తిని ఆయన హద్దుల్లోనే వాడే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.